కంప్యూటరులో నిరీక్షణ : ప్రాసెసరునకు, పరికరములకు మధ్య జాగును తగ్గించుట ఎట్లు?

గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుమార్గము దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషనులను దాటి నల్లమల కొండలలో ప్రవేశించును. ఈ మార్గము చిరకాలము ఒంటి లైనుగనే యుండెను. ఒంటి లైనుపై రెండు బండ్లు ఎదురెదురుగా పోజాలవు గదా! ఒక బండి స్టేషనులో ఆగి, ఎదురుబండికి దారి ఈయవలెను. ఇంజను ఎంత బలమైనదైనను, క్రాసింగు కొరకు నిలిచిన అరగంట ప్రయాణకాలములో చేరక తప్పదు. ఈ ప్రాంతపు ప్రయాణికులకు ఒకరు చెప్పనక్కరలేని సంగతి ఇది: ఆలస్యము పరుగులో లేదు, నిలుపుదలలో నున్నది.

కంప్యూటరు విషయమునను ఇట్లే జరుగుచున్నది. దానిలో లెక్కలు చేయు ముఖ్యభాగమునకు ప్రాసెసరు అని పేరు. కీబోర్డు, తెర, డిస్కు, ప్రింటరు, వేలిముద్రలు చదువు సాధనము, నెట్‌వర్కు కార్డు మొదలగునవి దాని చుట్టునున్న పరికరములు. ప్రాసెసరు పరికరములకు పని చెప్పును. పరికరములు దానికి సమాచారము తెచ్చి ఇచ్చును. పాఠశాలకు క్రొత్త కంప్యూటరు వచ్చినపుడు దాని ప్రాసెసరు ఎన్ని గిగాహెర్ట్జులదని అడుగుట పరిపాటి. ఇది ఇంజను బలమెంత యని అడుగుట వంటిది. ప్రాసెసరు ఎవరికొరకు, ఎంతసేపు, ఏ విధముగ వేచియుండుచున్నది అను ప్రశ్న దానికంటె ముఖ్యమైనది. గత 70 సంవత్సరములుగ యంత్రనిర్మాతలు ఈ ప్రశ్నకు ఒకదాని తరువాత ఒకటిగ సమాధానములు కనుగొనుచు వచ్చిరి. ఆ సమాధానములలో ఏదియు అన్ని వేళలకు సరిపోదనుట ఈ చరిత్రలోని విశేషము.

వేగములలోని అంతరము

3 గిగాహెర్ట్జుల ప్రాసెసరులోని గడియారము సెకనునకు 300 కోట్ల సార్లు కొట్టుకొనును. ఒక్కొక్క స్పందనకు పట్టు కాలము నానోసెకనులో మూడవ వంతు. నానోసెకను అనగా సెకనులో 100 కోట్లవ భాగము. ఇంత స్వల్పకాలము ఊహకు అందదు. కావున ఒక స్పందనను ఒక పూర్తి సెకనుగ సాగదీసి, తక్కిన కాలములను గూడ అదే ప్రమాణమున పెంచి చూతము.

ప్రాసెసరు తన ప్రక్కనున్న ముఖ్య జ్ఞాపకకోశమునుండి, అనగా మెమొరీనుండి, ఒక సంఖ్యను తెచ్చుకొనుటకు సుమారు 100 నానోసెకనులు పట్టును. మన క్రొత్త ప్రమాణములో ఇది 5 నిమిషములు. నేటి ఎస్.ఎస్.డి. డిస్కునుండి ఒక పుటను చదువుటకు 100 మైక్రోసెకనులు పట్టునను కొన్నచో అది మూడున్నర దినములగును. తిరుగు పళ్ళెములుగల హార్డ్ డిస్కునకు సుమారు 10 మిల్లీసెకనులు కావలెను. ఇది దాదాపు ఒక సంవత్సరము. ఇక చురుకుగ టైపు చేయు విద్యార్థి రెండు అక్షరముల నడుమ సెకనులో అయిదవ వంతు తీసికొన్నచో, ప్రాసెసరు లెక్కలో అది 19 సంవత్సరములు. మొదటి అక్షరము నొక్కిననాడు పుట్టిన శిశువు రెండవ అక్షరము వచ్చునాటికి ఇంటరు ముగించి కళాశాలలో నుండును!

ఇంత అంతరమున్న ఇద్దరి మధ్య సంభాషణ ఎట్లు జరుగవలెను? వేగవంతుడు ఊరక కూర్చుండరాదు. మందగామి తెచ్చిన వార్త పోగొట్టుకొనరాదు. సమస్య యంతయు ఈ రెండు మాటలలో నున్నది.

మొదటి మార్గము: తిరిగి తిరిగి అడుగుట

మిక్కిలి సులభమైన పద్ధతి ప్రాసెసరే ఒక్కొక్క పరికరమును "నీయొద్ద ఏమైన ఉన్నదా?" యని వరుసగ అడుగుట. ప్రధానోపాధ్యాయుడు తన పని విడిచి ప్రతి తరగతి గుమ్మము నొద్దకు పోయి విచారించి వచ్చుట వంటిది ఇది. దీనికి పోలింగు అని పేరు.

ఈ పద్ధతిలో జాగును లెక్కించుట తేలిక. ప్రాసెసరు ప్రతి 10 మిల్లీసెకనులకు ఒకసారి విచారించినచో, అప్పుడే అడిగి వెళ్ళిన మరుక్షణమున వచ్చిన వార్త దాదాపు 10 మిల్లీసెకనులు వేచియుండవలెను. సగటున 5 మిల్లీసెకనులు. జాగు తగ్గవలెనన్న మరింత తరచుగ అడుగవలెను. కాని తరచుగ అడిగినకొలది "లేదు, లేదు" అను సమాధానములు వినుటకే కాలము ఖర్చగును. పరికరము ఎప్పుడో ఒకసారి మాటలాడునదైనపుడు ఇది శుద్ధ దండుగ.

రెండవ మార్గము: పిలిచినపుడు పలుకుట

దండుగను మాన్పుటకు తోచిన ఉపాయము వరుసను తలక్రిందులు చేయుట. ప్రాసెసరు తన పని తాను చేసికొనుచుండును. వార్త ఉన్న పరికరమే ఒక విద్యుత్సంకేతముతో దానిని పిలుచును. ఈ సంకేతమునకు ఇంటరప్టు అని పేరు. అనగా చేయుచున్న పనికి మధ్యలో కలిగించు అంతరాయము.

అమెరికాలోని జాతీయ ప్రమాణముల సంస్థ 1954లో నిర్మించిన డైసియాక్ యంత్రమున పరికరముల రాకపోకలకు ఈ ఏర్పాటు కనబడుచున్నది. 1956 నాటి యూనివాక్ 1103ఏ యంత్రమున గాలిసొరంగపు ప్రయోగముల కొరకు దీనిని అమర్చిరి. సొరంగములో విమాన నమూనాలపై గాలి వీచునపుడు కొలతలు వచ్చి పడుచుండును. ఆ సమయమున తప్ప తక్కినపుడు యంత్రము ఇతరుల లెక్కలు చేయవలెను. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఎక్స్1 అను యంత్రమున ఇంటరప్టులను నడుపు కార్యక్రమమును వ్రాసి, దానిపైననే 1959లో డాక్టరేటు పట్టము పొందెను.

ఇంటరప్టు వచ్చినపుడు ప్రాసెసరు చేయు పనులు క్రమముగ ఇవి. చేతిలోనున్న ఆజ్ఞను ముగించును. తాను ఎక్కడ ఆపినదో, ఏ సంఖ్యలు చేతనున్నవో భద్రపరచుకొనును. పిలిచిన పరికరమునకు సంబంధించిన చిన్న కార్యక్రమమును నడుపును. తరువాత భద్రపరచిన వానిని మరల తీసికొని, పాత పనిని ఆపినచోటనుండి సాగించును. ఉపాధ్యాయుడు పుస్తకములో వ్రేలు పెట్టి, గుమ్మమునొద్ద నిలిచిన పిల్లవానితో మాటలాడి, మరల ఆ పంక్తినుండియే చదువుట యిట్టిదే.

కాని వ్రేలు పెట్టుటకును, మరల పంక్తిని వెదకి పట్టుకొనుటకును కొంత కాలము పట్టును. నేటి యంత్రములలో నిర్వాహక వ్యవస్థ చేయు పనులను గూడ కలుపుకొన్నచో ఇంటరప్టు ఒక్కింటికి ఒకటి మొదలు కొన్ని మైక్రోసెకనుల వరకు ఖర్చగును. సెకనునకు పది అక్షరములు పంపు కీబోర్డు విషయమున ఇది లెక్కలోనికి రాదు. సెకనునకు లక్షల వార్తలు తెచ్చు పరికరమైనపుడు ఇదియే పెద్ద భారమగును.

అందువలన ఇంటరప్టును నమ్ముకొన్నవారు రెండు నియమములు పాటింతురు. మొదటిది ప్రాధాన్యక్రమము: ఇద్దరు ఒకేసారి పిలిచినచో ఎవరికి ముందు పలుకవలెనో ముందే నిర్ణయించుట. రెండవది సంక్షేపము: పిలుపు వచ్చినపుడు అత్యవసరమైన పని మాత్రమే చేసి, మిగిలిన దానిని తీరికగ చేయుటకు వాయిదా వేయుట. గుమ్మమునొద్ద పిల్లవాని అర్జీ పుచ్చుకొనవలెను గాని అక్కడనే విచారణ మొదలుపెట్టరాదు.

మూడవ మార్గము: చెరువు

నల్లమలలో కురిసిన వాన గుండ్లకమ్మ ద్వారా కొలది దినములలో పరుగెత్తి వచ్చును. పైరు నెలల తరబడి కొంచెము కొంచెముగ నీరు త్రాగును. ఈ రెండు వేగములను కలుపుటకే విజయనగర రాజుల కాలమున కంభము చెరువును కట్టిరి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషను దీనిని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగ గుర్తించినది. వేగముగ వచ్చుదానిని నిలుపుట, అవసరమైన వేగమున తూములగుండ వదలుట చెరువు ధర్మము. కంప్యూటరులో ఈ పని చేయు చిన్న జ్ఞాపకకోశమునకు బఫరు అని పేరు.

ఒక ఉదాహరణ లెక్క చూడదగినది. మోడెములు మొదలగువానిని తగిలించు సీరియలు తంతిపై సెకనునకు 1,15,200 బిట్లు పోవునను కొందము. ఒక అక్షరమునకు ముందు వెనుక గుర్తులతో కలిపి 10 బిట్లు కావున సెకనునకు 11,520 అక్షరములు వచ్చును. అనగా సుమారు 87 మైక్రోసెకనులకు ఒక అక్షరము. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ తంతిని కనిపెట్టియుండు 8250 అను చిప్పు వచ్చిన అక్షరమును ఒక్కదానినే నిలుపగలదు. 87 మైక్రోసెకనులలోపల ప్రాసెసరు దానిని తీసికొనకున్నచో వెనుక వచ్చు అక్షరము దానిపై పడి చెరిపివేయును. తరువాత వచ్చిన 16550 జాతి చిప్పులలో 16 అక్షరములు పట్టు బఫరును అమర్చిరి. 14 అక్షరములు నిండినపుడు మాత్రమే ప్రాసెసరును పిలువుమని దానికి చెప్పవచ్చును. అప్పుడు సెకనునకు 11,520 పిలుపులకు బదులు సుమారు 823 పిలుపులు చాలును.

లాభము స్పష్టము. నష్టమును గూడ గమనింపవలెను. మొదట వచ్చిన అక్షరము పదునాలుగవది వచ్చువరకు ఒక మిల్లీసెకనుకంటె ఎక్కువ కాలము బఫరులోనే పడియుండును. పిలుపు వెళ్ళిన పిమ్మట మిగిలిన చోటు 2 అక్షరములకే. అనగా ప్రాసెసరునకు గల గడువు సుమారు 174 మైక్రోసెకనులు. ఆలోపల రాకున్నచో బఫరు పొర్లును. చెరువు అలుగు పారినపుడు నీరు దిగువకైన పోవును. బఫరు పొర్లినపుడు సమాచారము ఎక్కడికిని పోదు, నశించును. కావున బఫరు పెద్దదైనకొలది పిలుపులు తగ్గును, నష్టభయము తగ్గును. కాని వార్త చేరుటలోని జాగు పెరుగవచ్చును. "పెద్ద బఫరు పెట్టినచో వేగము పెరుగును" అను మాట సగము సత్యము మాత్రమే.

నాలుగవ మార్గము: పనిని అప్పగించుట

బఫరు ఉన్నను అందలి అక్షరములను ఒక్కొక్కటిగ ఎత్తి జ్ఞాపకకోశమున పెట్టుట ప్రాసెసరు పనియే. ఒక బొమ్మలోని లక్షల బిందువులను ఇట్లు మోయుట గొప్ప పండితుని మూటలు మోయుటకు నియోగించినట్లుండును. దీనికి విరుగుడు పరికరమునకే జ్ఞాపకకోశములోనికి నేరుగ వ్రాయు అధికారము ఇచ్చుట. ప్రాసెసరు "ఇంత సమాచారము, ఈ చోట పెట్టుము" అని ఒకసారి చెప్పి తన పని చూచుకొనును. పని యంతయు ముగిసిన పిమ్మట పరికరము ఒక్క ఇంటరప్టుతో తెలియజేయును. దీనినే డైరెక్ట్ మెమొరీ యాక్సెస్, సంగ్రహముగ డి.ఎం.ఏ. అందురు. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఈ పనికి 8237 అను ప్రత్యేకమైన చిప్పు ఉండెడిది.

ఇందు ఒక చిక్కు ఉన్నది. పరికరము వ్రాయుచున్న చోటినే ప్రాసెసరు చదువబోయినచో సగము క్రొత్తది, సగము పాతది కలిసిపోవును. దీనిని తప్పించు విధము మార్కాపురపు పిల్లలకు సులభముగ తెలియును. మార్కాపురము పలకల గనులకు పేరొందినది. దేశములోని పలు ప్రాంతముల పిల్లలు అక్షరములు దిద్దిన రాతిపలకలు ఇక్కడినుండి పోయినవే. ఒకే పలక ఉన్నచో ఉపాధ్యాయుడు దిద్దునంతవరకు పిల్లవాడు ఊరక కూర్చుండవలెను. రెండు పలకలున్నచో ఒకదానిని ఉపాధ్యాయుడు దిద్దుచుండగ రెండవదానిపై పిల్లవాడు వ్రాయుచుండును. తరువాత పలకలు మార్చుకొందురు. ఇద్దరిలో ఎవరును వేచియుండరు. కంప్యూటరులో గూడ జ్ఞాపకకోశమున రెండు చోట్లు ఏర్పరచి పరికరమును, ప్రాసెసరును వంతులవారీగ వాడుకొనునట్లు చేయుదురు. ధ్వనిని, చలనచిత్రమును తెగకుండ వినిపించుట, చూపుట ఈ రెండు పలకల పద్ధతివలననే సాధ్యమగుచున్నది.

చంద్రునిపై ఒక పాఠము

పరికరములకు స్వేచ్ఛ ఇచ్చుటలో ప్రమాదము గూడ కలదని 1969 జూలై 20న లోకమునకు తెలిసినది. అపోలో 11 నౌకకు చెందిన చంద్రశకటము చంద్రతలముపై దిగుచుండగ దానిలోని కంప్యూటరు 1202, 1201 అను అపాయసూచనలను చూపెను. ఆ సమయమున అక్కరలేని ఒక రాడారు విద్యుత్సరఫరాలోని పొసగమివలన కంప్యూటరునకు ఎడతెగక స్పందనలను పంపుచుండెను. రెండు కోణములకు ఒక్కొక్కదానికి సెకనునకు 6,400 చొప్పున మొత్తము 12,800 స్పందనలు. ఒక్కొక్క స్పందనను లెక్కించుటకు ప్రాసెసరు పనిని ఆపి జ్ఞాపకకోశమును ఒక ఆవృత్తి, అనగా సుమారు 11.7 మైక్రోసెకనులు, వాడుకొనవలసి వచ్చెను. గుణించి చూచినచో సెకనులో 15 వంతులు నూటికి! పనికిరాని కబురులకే కంప్యూటరు కాలములో ఇంత భాగము హరించుకొని పోయినది.

అయినను శకటము క్షేమముగ దిగినది. మాసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఆ కార్యక్రమమును వ్రాసినవారు ప్రాధాన్యక్రమమును జాగ్రత్తగ ఏర్పరచియుండిరి. భారము మించినపుడు కంప్యూటరు ముఖ్యము కాని పనులను వదలి, మార్గనిర్దేశమును మాత్రము నిలుపుకొని, తన్ను తాను తిరిగి ప్రారంభించుకొనెను. ఎంత వేగముగ పని చేయగలమన్నది ఒక ప్రశ్న. చేయలేనపుడు దేనిని విడువవలెనన్నది మరియొక ప్రశ్న. రెండవ ప్రశ్నకు ముందుగనే సమాధానము సిద్ధపరచుకొన్నందున ఆనాడు ఇద్దరి ప్రాణములు దక్కినవి.

హైదరాబాదులో జరిగిన కృషి

ఆ 1969లోనే మన దేశమున తయారైన టి.డి.సి.-12 అను చిన్న కంప్యూటరు వెలువడినది. టి.డి.సి. అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. 1967లో అయ్యగారి సాంబశివరావు నాయకత్వమున హైదరాబాదులో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దీనిని తయారుచేసినది. సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించినవారు. కొలతలు తీయు సాధనములకు కలిపి, కొలత వచ్చిన వెంటనే దానిని గ్రహించి పని చేయుటకు ఉద్దేశింపబడిన యంత్రమిది. అట్టి యంత్రమునకు లెక్క సరిగ చేయుట ఒక్కటే చాలదు, గడువులోపల చేయవలెను. గడువు దాటిన సరియైన సమాధానము గూడ తప్పే యగును.

నేడు ఈ సంగతి రైళ్ళపై కనబడుచున్నది. బండ్లు ఢీకొనకుండ కాపాడు కవచ్ అను వ్యవస్థను భారత రైల్వేల పరిశోధన సంస్థ రూపొందించినది. దక్షిణ మధ్య రైల్వేలో 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల బండ్లపై దీని క్షేత్రపరీక్షలు ప్రారంభమైనవి. 2020 జూలైలో దీనిని జాతీయ రక్షణ వ్యవస్థగ స్వీకరించిరి. దీనిని తొలుత తయారుచేసిన మేధా, కెర్నెక్స్, హెచ్.బి.ఎల్. అను మూడును హైదరాబాదు సంస్థలే. పట్టాల నడుమ అమర్చిన చిన్న బిళ్ళలను ఇంజను క్రింది సాధనము చదివి బండి ఎక్కడ నున్నదో తెలిసికొనును. రేడియో ద్వారా స్టేషనునుండి వార్తలు వచ్చుచుండును. డ్రైవరు గమనింపకున్నను అవసరమైనపుడు కంప్యూటరే బ్రేకులు వేయును.

ఇట్టి చోట జాగునకు అర్థమేమో లెక్క వేసి చూడవచ్చును. గంటకు 120 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు 33 మీటర్లకు పైగ పోవును. సెకనులో పదవ వంతు జాగు జరిగినచో బండి 3 మీటర్లకు పైగ ముందుకు పోయియుండును. పట్టాలపై ఒక బిళ్ళను అర మీటరు మేర మాత్రమే చదువవచ్చునను కొందము. బండి ఆ అర మీటరును 15 మిల్లీసెకనులలో దాటును. ప్రాసెసరు 20 మిల్లీసెకనులకు ఒకసారి మాత్రమే విచారించునదైనచో బిళ్ళ వచ్చిన సంగతియే దానికి తెలియకపోవచ్చును! అందువలన చదువు సాధనము తానే చదివి తన బఫరులో నిలుపుకొనవలెను. చదివిన క్షణమును గూడ వ్రాసికొనవలెను. అప్పుడు ప్రాసెసరు కొంచెము ఆలసించినను బండి ఎంత ముందుకు పోయినదో లెక్కించి సవరించుకొనగలదు.

దీనివలన తేలునది ఒకటి కలదు. ఇట్టి యంత్రములలో సగటు జాగును చూచి తృప్తిపడరాదు. వేయిసార్లలో 999 సార్లు తక్షణము పలికి, ఒక్కసారి పలుకనిదానికంటె, ప్రతిసారియు కొంచెము ఆలస్యముగనైన తప్పక పలుకునదే మేలు. ఇచ్చట కొలువవలసినది అత్యధికమైన జాగు.

మొదటి మార్గమునకు మరల వచ్చుట

ఇప్పుడు చరిత్రలోని చమత్కారము. సెకనునకు 1,000 కోట్ల బిట్లు తెచ్చు నెట్‌వర్కు తంతిని గైకొందము. అందు వచ్చు మిక్కిలి చిన్న వార్తాపొట్లము పరిమాణము 64 బైట్లు. ముందు వెనుక ఖాళీలతో కలిపి 84 బైట్లు, అనగా 672 బిట్లు. భాగించి చూచినచో సెకనునకు సుమారు 1 కోటి 48 లక్షల పొట్లములు రావచ్చును. ఒక్కొక్కటి 67 నానోసెకనులకు వచ్చి పడును. ప్రతి పొట్లమునకు ఒక ఇంటరప్టు ఇచ్చి, దానికి ఒక్క మైక్రోసెకనే ఖర్చగునను కొన్నను, ఒక సెకనులో వచ్చిన పిలుపులకు పలుకుటకే దాదాపు 15 సెకనులు కావలెను!

అంతకు తక్కువ వేగములలోనే ఈ ఉపద్రవము కనబడెను. ప్రాసెసరు పిలుపులకు పలుకుచుండును గాని పొట్లమును విప్పి చూచుటకు తీరిక ఉండదు. చూడనివి పోగుపడి పారవేయబడుచుండును. ఊపిరి సలుపని పని, ఫలితము మాత్రము సున్న. మొగల్, రామకృష్ణన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు 1996లో ఈ స్థితిని విశదముగ పరిశీలించి విరుగుడు చెప్పిరి: వార్తలు అరుదుగ వచ్చునపుడు ఇంటరప్టు, వెల్లువగ వచ్చునపుడు పోలింగు.

లినక్స్ వ్యవస్థలో నేడు జరుగుచున్నది ఇదియే. మొదటి పొట్లము వచ్చి పిలుచును. ప్రాసెసరు పలికిన వెంటనే ఆ పరికరపు పిలుపులను నిలిపివేసి, దాని బఫరులోనివానిని తానే వరుసగ తీసికొనును. ఒక పర్యాయమునకు సాధారణముగ 64 పొట్లములు. ఇతర పనులకు వంతు ఇచ్చి మరల తీసికొనును. బఫరు ఖాళీ అయిన పిమ్మట పిలుపులను తిరిగి అనుమతించును. ఆనాడు దండుగ అని విడిచిన పోలింగు, ప్రతి విచారణకు "ఉన్నది" అను సమాధానమే వచ్చునపుడు మిక్కిలి పొదుపైన పద్ధతి అయినది. పద్ధతి మారలేదు, పరిస్థితి మారినది.

డిస్కుల చరిత్రయు ఇట్టిదే. హార్డ్ డిస్కుల కాలమున 2004లో వచ్చిన ఎ.హెచ్.సి.ఐ. పద్ధతిలో ఆజ్ఞలకు ఒకే వరుస, అందులో 32 ఆజ్ఞలకు చోటు ఉండెను. పళ్ళెము తిరుగుటకే మిల్లీసెకనులు పట్టునపుడు అది చాలును. తిరుగు భాగములు లేని డిస్కులు వచ్చిన పిమ్మట ఆ ఒక్క వరుసయే ఇరుకైన దారి అయినది. 2011లో వెలువడిన ఎన్.వి.ఎం.ఇ. పద్ధతి సుమారు 65 వేల వరుసలను, ఒక్కొక్క వరుసలో సుమారు 65 వేల ఆజ్ఞలను అనుమతించును. ప్రాసెసరులోని ప్రతి విభాగమునకు తన వరుస తనకుండును. ఒకదానికొరకు మరొకటి ఆగనక్కరలేదు. ఒంటి లైనును జంట లైనుగ మార్చినపుడు కలుగు లాభమే ఇది.

తగ్గింపరాని జాగు

ఎన్ని ఉపాయములు పన్నినను దాటరాని హద్దు ఒకటి కలదు. అది కాంతివేగము. శూన్యములో కాంతి ఒక నానోసెకనులో 30 సెంటీమీటర్లు పోవును. 3 గిగాహెర్ట్జుల ప్రాసెసరు ఒక్కసారి స్పందించునంతలో కాంతియైనను 10 సెంటీమీటర్లు మాత్రమే పోగలదు. తంతిలోని సంకేతము అంతకంటె తక్కువ. జ్ఞాపకకోశపు చిప్పులను ప్రాసెసరు చెంతనే అమర్చుటకు ఇది ఒక కారణము. గాజునారలో కాంతి సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. మార్కాపురమునకు, హైదరాబాదునకు ఆకాశమార్గమున దూరము సుమారు 200 కిలోమీటర్లు. అనగా మార్కాపురములో నొక్కిన మీట వార్త హైదరాబాదు చేరుటకు కనీసము ఒక మిల్లీసెకను పట్టును. ఆలోపల ప్రాసెసరు 30 లక్షల సార్లు స్పందించును. ఈ జాగును ఏ ఇంజనీరును తీసివేయలేడు. పలుమార్లు అడుగవలసినదానిని ఒకేమారు అడిగి, ప్రయాణముల సంఖ్యను మాత్రము తగ్గింపగలడు.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ సూత్రములను పరీక్షించుటకు కంప్యూటరు అక్కరలేదు. 12 మంది విద్యార్థులు, 12 పలకలు, ఒక చేతిగడియారము చాలును. ఒక విద్యార్థి ప్రాసెసరు. అతడు ఒక మూలను కూర్చుండి ఎక్కముల పుస్తకమును నకలు వ్రాయుచుండవలెను. తక్కినవారిలో 10 మంది పరికరములు. వారు చీటీలపైనున్న లెక్కలను పలకపై చేయుదురు. మిగిలిన ఒకడు కాలమును వ్రాసికొనును. ప్రతి లెక్కను ప్రాసెసరు చూచి గురుతు పెట్టిన పిమ్మటనే పరికరము మరియొక చీటీ తీయవలెను.

మొదటి 5 నిమిషములు ప్రాసెసరు నిమిషమునకు ఒకసారి లేచి అందరి పలకలను చూచి రావలెను. రెండవ 5 నిమిషములు లెక్క ముగించినవాడు చేయి ఎత్తి పిలువవలెను. మూడవ 5 నిమిషములు ముగిసిన పలకలను బల్లపై దొంతరగ పెట్టవలెను. 4 పలకలు చేరినపుడు ప్రాసెసరు వానిని ఒకేసారి చూడవలెను. ప్రతి పర్యాయము మూడు సంగతులు వ్రాసికొనవలెను: ప్రాసెసరు ఎన్ని పంక్తులు నకలు వ్రాసినది; ఒక పలక సగటున ఎంతసేపు వేచినది; అన్నిటికంటె ఎక్కువగ వేచిన పలక ఎంతసేపు వేచినది.

తరువాత కష్టమైన లెక్కలకు బదులు ఒకటి రెండు క్షణములలో ముగియు తేలిక లెక్కలు ఇచ్చి మూడు పర్యాయములను మరల జరుపవలెను. మొదట మిక్కిలి మేలుగ కనబడిన చేయి ఎత్తు పద్ధతి ఇప్పుడు ఏమగునో, ప్రాసెసరు ఎన్ని పంక్తులు వ్రాయగలుగునో చూచి, కారణమును విద్యార్థులచేతనే చెప్పింపవలెను. ప్రాసెసరుగ కూర్చున్న విద్యార్థిని మార్చి చురుకైనవానిని పెట్టినచో ఫలితములు ఎంత మారునో, పద్ధతిని మార్చినచో ఎంత మారునో ప్రక్కప్రక్కన వ్రాసి పోల్చినచో పాఠము సంపూర్ణమగును.